బామ్మ బంతి

ఫ్లోరిడా బేస్‌బాల్ శిక్షణ శిబిరం,
1974 మార్చి 10

అక్కా,

ముందు శుభవార్త. నా వేగం తిరిగొచ్చింది! నిరుడు "రూడీ వోండ్రా పని అయిపోయింది" అని రాసిన పత్రికలవాళ్లంతా ఇక్కడికొచ్చి ఒక్కసారి వినాలి. నేను విసిరిన బంతి ఓటిస్ గ్లవ్‌లో పడుతుంటే తుపాకీ పేలినట్టు మోగుతోంది. కంచె మీది కొంగలు లేచిపోతున్నాయి. ఓటిస్ తెలుసుగా, మా ముసలి క్యాచర్, బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని ఇన్నేళ్లుగా నా బంతులు పట్టుకుంటున్నవాడు. "మళ్లీ కుర్రాడివైపోయావు రూడీ" అన్నాడు నిన్న. ఓటిస్ అబద్ధమాడే మనిషి కాదు.

మేనేజర్ టర్లీ మొహం మాత్రం ఎప్పటిలాగే నిమ్మకాయ కొరికినట్టు ఉంది. నన్ను గదిలోకి పిలిచి, "నీకు ముప్పై ఆరొచ్చాయి. జులై నాలుగు దాకా చూస్తాను. అప్పటికీ నిరుటిలాగే బాదించుకుంటుంటే సామాను సర్దుకో" అన్నాడు. పద్దెనిమిదో ఏట ఇల్లు వదిలిన దగ్గర్నుంచీ బంతి విసరడం తప్ప మరో పని ఎరగను. సామాను సర్దుకుని ఎక్కడికి పోను? బావ పందులకు మేత వెయ్యనా? సరే, ఆ బెంగ మనకెందుకు, వేగం వచ్చేసిందిగా.

నువ్వు ఉప్పునీళ్లలో ఊరేసి పంపిన దోసకాయల సీసా అందింది. అమోఘం! సగం నేను, సగం ఓటిస్, ఒక్కపూటలో లాగించేశాం. నీళ్లు పారబోసి సీసాలో నా షేవింగ్ సామాను పెట్టుకున్నాను.

ఫోను చెయ్యలేదని తిట్టకు. మీ వీధిలో ఏడిళ్లకీ ఒకటే తీగ. నేను "అక్కా" అనగానే అవతల జౌబెక్ పెద్దమ్మ దగ్గు వినిపిస్తుంది.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
రూడీ


లిపా, నెబ్రాస్కా,
మార్చి 18

ఒరేయ్ తిండిపోతూ,

దోసకాయలు తినమని పంపానట్రా? ఆ నీళ్ల కోసం పంపాను! రోజూ వేళ్లు ఆ ఉప్పునీళ్లలో నానబెట్టుకుంటే చర్మం గట్టిపడుతుంది, బంతి రాపిడికి బొబ్బలెక్కవు. నాన్న ఎన్నిసార్లు చెప్పాడు! చీటీ రాసి సీసాకి కట్టాను కూడా. అదీ తినేశారా ఇద్దరూ?

ఇక్కడ ఇంకా మంచు పోలేదు. మీ బావ మిలో ట్రాక్టరుని విప్పి నట్లన్నీ వంటింటి బల్ల మీద పరిచాడు. మేం నిలబడి తింటున్నాం. చర్చి విందుకి పూర్ణం పెట్టి కొలాచీ బన్నులు కాల్చాను. జౌబెక్ పెద్దమ్మ రెండు తిని, గసగసాల పూర్ణం ఎలా చేశావని చెవిలో జోరీగలా పోరింది. చెప్పాను. నిమ్మతొక్క సంగతి మాత్రం చెప్పలేదు. పెద్దావిడ, అన్నీ ఒక్కరోజే నేర్చుకుంటే అలసిపోదూ?

నీ వేగం వచ్చిందంటే నా కడుపు నిండింది. ఏరియల్‌కి ఫోర్కు తగిలిస్తే సాయంత్రాలు మా రేడియోకి మీ జట్టు ఊరు హార్లన్ సిటీ స్టేషను అందుతోంది. ప్రతి ఆటా వింటాను. ఇంకో సీసా పంపుతున్నాను. ఈసారి దోసకాయలు పారెయ్యి, నీళ్లు ఉంచుకో.

అక్క


హార్లన్ సిటీ,
ఏప్రిల్ 27

అక్కా,

విన్నావుగా. వరసగా మూడు ఓడిపోయాను. మొదటిరోజు గాలి ఎదురు. రెండోరోజు అంపైరుకి కళ్లద్దాలు మారాయి, తెలిసిపోతూనే ఉంది. మూడోరోజు నేను నిలబడి విసిరే మట్టిదిబ్బ ముందుకి వాలి ఉంది, కాలు నిలవలేదు. ఆ డెల్ మాకీ గాడు, దున్నపోతంత మనిషి, నా బంతిని రైల్వే గోదాము మీదికి కొట్టాడు. గుడ్డి దెబ్బ.

వేగం మాత్రం చెక్కుచెదరలేదు. ఓటిస్ గ్లవ్ మోతే సాక్ష్యం. ఆ శబ్దం వినడానికే జనం డబ్బిచ్చి రావచ్చు.

రూడీ


లిపా,
మే 4

కోతలరాయుడికి,

కోప్పడకుండా కూర్చుని చదువు. చేతిలో ఏమన్నా ఉంటే కింద పెట్టు.

నీ మూడు ఆటలూ చెవి రేడియోకి ఆనించి విన్నాను. గాలి సంగతీ అంపైరు కళ్లద్దాలూ నాకు తెలియవు. కానీ బ్యాటు అంచుకి తగిలి గీత బయట ఫౌల్ పడ్డప్పుడల్లా ఆ రేడియో ఆయన బంతి ఏ వైపు పోయిందో చెబుతాడు కదా. నువ్వు మంచి ఊపులో ఉన్న రోజుల్లో కుడిచేతి బ్యాటర్లంతా నీ బంతికి ఆలస్యమైపోయేవాళ్లు. తగిలీ తగలక అది కుడివైపు, మొదటి బేస్ పక్క జనంలో పడేది. ఇప్పుడో? అన్నీ ఎడమవైపే. మూడో బేస్ పక్కన కూర్చున్నవాళ్లు బంతులు ఏరుకుని ఇంటికి పట్టుకుపోతున్నారు. అంటే ఏమిట్రా? నీ బంతి వచ్చేలోపు వాళ్లు బ్యాటు తిప్పేసి కాచుకుని ఉంటున్నారు. వేగం రాలేదు రూడీ. పోయింది.

ఇక గ్లవ్ మోత. చిన్నప్పుడు నీ బంతులు పట్టినదాన్ని నేను. లోపలి దూది తీసేసి నడిగుంటలో పట్టుకుంటే ముసలమ్మ విసిరినా ఢామ్మంటుంది. ఓటిస్‌ని ఒకసారి అరచెయ్యి చూపించమను.

చెబితే నవ్వుతావేమో. నువ్వు నా వేలు విరగ్గొట్టిన ఏడు గుర్తుందా? నీ బంతి పట్టబోయి విరిగింది. ఇక గ్లవ్ ముట్టుకుంటే కాళ్లు విరగ్గొడతానని అమ్మ అరిచింది. అప్పట్నుంచీ నేను విసరడం, నువ్వు కొట్టడం. ఒక్కటి కొట్టావా? నేను గట్టిగానే విసిరినట్టుండేది, బంతి మాత్రం తీరిగ్గా వచ్చేది. నువ్వు ముందే బ్యాటు తిప్పేసి, బొంగరంలా తిరిగి, బురదలో పడేవాడివి. ఉక్రోషంతో దానికి "బామ్మ బంతి" అని పేరు పెట్టావు. ఆ బామ్మ బంతి నేర్చుకోరా. గట్టి బంతి ఒక్కటే విసిరితే ఎవడైనా కాచుకుంటాడు.

సీసాలో నీళ్లున్నాయా?

అక్క


(పోస్టుకార్డు)
హార్లన్ సిటీ, మే 9

అక్కా,

పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి నేను. వంటింట్లో రేడియో పక్కన కూర్చుని నా వేగం కొలిచే పని నీకెవరూ అప్పగించలేదు. బురదలో పడ్డది గుర్తు చేసి నవ్వుకుంటున్నట్టున్నావు, నవ్వుకో. ఆడపిల్లలు పెరట్లో ఆడుకునే బంతి నాకక్కర్లేదు.

బావకి పుట్టినరోజు శుభాకాంక్షలు.

ఆర్. వోండ్రా


లిపా,
మే 30

నా బంగారు తమ్ముడూ,

నువ్వు కార్డు రాసి మూడు వారాలైంది. నవ్వలేదురా నేను, ఒట్టు. ఈలోగా మన పేపర్లో పడింది, ఆట మొదట్లో బంతి విసిరే పిచర్ల వరసలోంచి నిన్ను తీసేశారని. నువ్వు చెప్పుకోలేక ఊరుకున్నావని అర్థమైంది.

ఏం పరవాలేదు. ఇల్లుంది, అక్క ఉంది. మేడమీద గదికి పసుప్పచ్చ రంగు వేయించాను. ధాన్యం గోదాము హ్రుస్కాతో మాట్లాడాను. అతని తూకం మనిషి కాన్సస్ వెళ్లిపోతున్నాడు, ఆ పని నీదేనన్నాడు. ఫాదర్ ఆదివారం ప్రార్థన చివర్లో నీ పేరు చెప్పి, మన బిడ్డ ఇంటికొస్తున్నాడు, ఆదరించండి అన్నారు. జౌబెక్ పెద్దమ్మ ఏడ్చింది. బాతు కాల్చి పెడతానంది కూడా.

ఏ బస్సుకి వస్తున్నావో రాయి. మీ బావ వచ్చి తీసుకొస్తాడు.

అక్క


హార్లన్ సిటీ,
జూన్ 5

అక్కా! అక్కా! ఆగు!

ఎవరొస్తున్నారు ఇంటికి? హ్రుస్కా దగ్గర్నుంచి నాకు ఉత్తరమొచ్చింది, కోతలవ్వగానే సొంత చేతితొడుగులతో రావాలట, తూకం దగ్గర పొగ తాగకూడదట. ఫాదర్ ఒక ప్రార్థన కార్డు పంపారు. దాని మీద పడవ మునిగిపోతున్న బొమ్మ. ఓటిస్ అది చూసి నేల మీద దొర్లి నవ్వాడు.

నన్ను ఇంకా పంపెయ్యలేదు. ఆట మొదట్లో పంపడం మానేశారు, అంతే. ఇప్పుడు కంచె వెనక బెంచీ మీద కూర్చుంటాను, ముందువాడు అలిసిపోతేనో చేతులెత్తేస్తేనో నాకు పిలుపు. పిలుపు రావడంలేదు. జులై నాలుగు గడువు అలాగే ఉంది.

నీకు రాయకపోవడానికి కారణం వేరు. నీ ఉత్తరం చూసి పళ్లు నూరుకున్నానా, పది రోజులయ్యాక ఉండబట్టలేక ఓటిస్‌ని, "అరచెయ్యి చూపించు" అన్నాను. వాడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. లాక్కుని చూశాను. అక్కా, కందగడ్డలా ఉంది. గ్లవ్‌లో దూదంతా పీకేశాడు. "ఎందుకురా ఈ పని?" అంటే, "ఆ శబ్దం వినకపోతే నువ్వు దిబ్బ ఎక్కేటప్పుడు తల దించుకుంటున్నావు. అది చూడలేకపోయాను" అన్నాడు.

నాకు కోపం రావాలి కదా. రాలేదు. సిగ్గేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఇద్దరం పోయి చేపల వేపుడు తిన్నాం.

నా వేగం పోయిందక్కా. రాయడానికి చెయ్యి రావడంలేదు, అయినా రాశాను. ఇప్పుడు చెప్పు, ఆ బామ్మ బంతి ఎలా పట్టుకునేదానివి?

రూడీ

గదికి పసుప్పచ్చ రంగేమిటి? నాకు నీలం ఇష్టమని తెలుసుగా.


లిపా,
జూన్ 10

రూడీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, పొయ్యి మీద పాలు పొంగించాను. ఆ ఓటిస్‌కి రెండు డజన్ల కొలాచీలు పంపుతున్నాను. నువ్వు ముట్టుకున్నావో, ఊరుకోను.

ఇక పాఠం. బంతిని వేళ్ల చివర పట్టుకోకు. కొలాచీ పిండి ముద్ద తీసుకున్నట్టు అరచేతిలోకి తీసుకో. పిండి నలగకూడదు, జారిపోకూడదు, అంతే పట్టు. విసిరేటప్పుడు మణికట్టు విదిలించకు, కిటికీ పరదా కిందికి లాగినట్టు లాగు. అన్నిటికంటే ముఖ్యం, చెయ్యి నెమ్మదించకూడదు. గట్టి బంతికి ఎలా విసురుతావో అదే ఊపు, అదే కోపం. మొహం కూడా మార్చకు. నీకు మొహం దాచుకోవడం చేతకాదు, చిన్నప్పుడు జామ్ దొంగిలించి ఎన్నిసార్లు దొరికిపోయావో లెక్కలేదు. అందుకని, కోపంగానే ఉండు.

ఇంతే. ఇంకేమీ దాచలేదు.

అక్క

రంగు డబ్బా తెరిచేశాక వాడు వెనక్కి తీసుకోడు. పసుప్పచ్చే.


హార్లన్ సిటీ,
జూన్ 19

అక్కా,

నీ పాఠం తగలెయ్య! పిండి ముద్దలా పట్టుకున్నాను. పరదా లాగాను. కోపంగా ఉన్నాను, దానికి కష్టపడక్కర్లేకపోయింది. మొదటి బంతి ఓటిస్ మోకాలి చిప్ప మీద తగిలింది. రెండోది కంచె దాటి సాసేజ్‌లమ్మే ఆయన బండిలో ఆవాల ముద్ద గిన్నెలో పడింది. ఆయన తెల్ల చొక్కా ఇక తెల్లది కాదు. తిన్నగా వెళ్లినవి నా మామూలు బంతుల్లాగే వెళ్లాయి, రవ్వంత కూడా నెమ్మదించలేదు. వారం రోజులు ఇదే తంతు. టర్లీ దూరం నుంచి చూసి తలాడించి వెళ్లిపోయాడు.

నువ్వేదో మింగేశావు. జౌబెక్ పెద్దమ్మకి నిమ్మతొక్క చెప్పనట్టు నాకూ ఏదో చెప్పలేదు. కొలాచీల విషయంలో నీ గొప్ప నీది, నేనేం అనను. కానీ ఇది నా అన్నంగిన్నె అక్కా. రెండు వారాలే ఉంది. ఆ నిమ్మతొక్కేమిటో చెప్పు.

రూడీ


లిపా,
జూన్ 24

రూడీ,

నీ ఉత్తరం చదివి భగ్గుమన్నాను. నీ దగ్గర దాచుకునేదాన్నా నేను? ఆ కోపంలోనే కొట్టం వెనక్కి పోయి, నీ పాత బంతి వెతికి తీసి, మీ బావ చేతికి పాలబకెట్ ఇచ్చి నిలబెట్టాను. ఎడాపెడా విసిరాను. అన్నీ బామ్మ బంతులే, చక్కగా తీరిగ్గా వెళ్లి బకెట్లో పడ్డాయి. "చూశావా, నేను చెప్పినట్టే కదా చేస్తున్నాను! వాడికెందుకు రావడంలేదు?" అని మీ బావ మీద అరిచాను.

మీ బావ సంగతి తెలుసుగా, నోట్లో వేలు పెట్టినా కొరకడు. బకెట్ కింద పెట్టి, దగ్గరకొచ్చి, నా చెయ్యి పట్టుకుని చూశాడు. "అడెలా, నీ చూపుడువేలు బంతిని తాకడంలేదే" అన్నాడు.

ఏం చెప్పమంటావు! అది వంగదు కదరా. నువ్వు విరగ్గొట్టిన వేలు. డాక్టరు కట్టు వంకరగా కట్టాడు, అప్పట్నుంచీ అది కర్రలా నిలబడే ఉంటుంది. దాంతోనే పిండి పిసుకుతున్నాను, గుండీలు కుడుతున్నాను, పాలు పితుకుతున్నాను. అలా ఉందన్న సంగతే మర్చిపోయాను. అందరి చేతులూ ఇలాగే ఉంటాయన్నట్టు నీకు పాఠం రాశాను. నీ చూపుడువేలు ఆఖర్లో బంతిని నెట్టేస్తోంది. దాని వేగమంతా అక్కడే.

కాబట్టి ఆ వేలు పైకెత్తు. బంతిని తాకనివ్వకు. మిగతాదంతా నేను చెప్పినట్టే.

ఇదేరా నిమ్మతొక్క. నా దగ్గరుందని నాకే తెలియదు.

అక్క

అన్నంగిన్నె అని రాశావు. నేను అప్పట్నుంచీ సరిగ్గా తినలేదు. ఇంకోసారి అలా రాయకు.


లిపా,
జులై 4, సాయంత్రం

రూడీ,

ఊరంతా చర్చి మైదానంలో బాణసంచా కాలుస్తోంది. మేం వెళ్లలేదు. మీ బావ రేడియో వెనక నిలబడి ఫోర్కు పట్టుకున్నాడు, అది వదిలితే మాట పోతోంది. చెయ్యి మార్చుకుంటూ ఆట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

మీ కుర్ర పిచర్ వేలు బొబ్బెక్కి తప్పుకున్నాడని రేడియో ఆయన చెప్పగానే, "ఉప్పునీళ్లురా నాయనా, ఉప్పునీళ్లు!" అని అరిచాను. తర్వాత నీ పేరు చెప్పాడు. ఒక్క పరుగు ఆధిక్యం, ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే ఆట మనది, ఆ ఒక్కడూ దున్నపోతు మాకీ. ఏప్రిల్లో గోదాము మీదికి కొట్టినవాడు.

మొదటి బంతి వేశావు. రేడియో ఆయన, "మాకీ బ్యాటు తిప్పేశాడు, బంతి... ఇప్పుడొచ్చింది" అన్నాడు. జనం నవ్వుతున్నారు. నాకు బురదలో పడిన నువ్వు కనిపించావు.

రెండోది నీ గట్టి బంతి. ఫౌల్. నేను కళ్లు మూసుకున్నాను. "కుడివైపు, మొదటి బేస్ పక్క జనంలోకి" అన్నాడు.

మూడోది. మళ్లీ ఫౌల్. మళ్లీ కుడివైపు!

ఒరేయ్, అక్కడే ఏడ్చేశాను. ఇంకా మాకీ అవుటవ్వలేదు, ఆట అవ్వలేదు, నేను మాత్రం ఏప్రన్‌తో మొహం కప్పుకుని ఏడుస్తున్నాను. మీ బావ, "ఏమైంది, ఏమైంది" అని కంగారు. "కుడివైపు పడిందండీ, ఆలస్యమయ్యాడు, వాడు మా రూడీ బంతికి ఆలస్యమయ్యాడు" అన్నాను. ఆ నెమ్మది బంతి కోసం కాచుకుని కూర్చుంటే నీ పాత బంతికే మళ్లీ రెక్కలొచ్చాయి.

ఆఖరిది మళ్లీ బామ్మ. మాకీ గాలిని కొట్టి మోకాలి మీద కూలబడ్డాడట, అవుట్! ఈసారి మా ఇంట్లో మీ బావ అరుపుకి గేదెలా ఉండే మా ముసలి కుక్క లేచి బయటికి పరిగెత్తింది. ఫోర్కు వదిలేశాడు, రేడియో గరగరమంది, తర్వాత ఏం చెప్పారో వినలేదు.

టర్లీ ఏమన్నాడు? వెంటనే రాయి. తంతి ఇవ్వకు, అది తెచ్చేది జౌబెక్ పెద్దమ్మ మనవడు.

అక్క


హార్లన్ సిటీ,
జులై 8

అక్కా,

టర్లీ పిలిచాడు. అదే గది, అదే నిమ్మకాయ మొహం. నేను సామాను సగం సర్దుకునే వెళ్లాను. చాలాసేపు ఏవో కాగితాలు తిరగేసి, "ఆ నెమ్మది బంతి వచ్చే ఏడు కూడా వేయగలవా?" అన్నాడు. వేస్తానన్నాను. "అయితే పో, అడ్డం లే" అన్నాడు. వచ్చే ఏడాదికి కూడా నేను ఇక్కడేనక్కా. ఆటల్లో చివరి భాగం నాదట, కుర్రాళ్లు మొదలుపెట్టింది నేను ముగించాలట.

మేనేజర్ గది బయటే పత్రికలవాళ్లు కాచుకున్నారు. ఆ బంతి ఎక్కడ నేర్చుకున్నావు, జపాన్‌లోనా, క్యూబాలోనా అని అడిగారు. నెబ్రాస్కాలో, పశువుల కొట్టం వెనక అన్నాను. దానికి పేరేమిటన్నారు. బామ్మ బంతి అనబోయి ఆగాను. "అక్క బంతి" అని చెప్పాను. అలాగే రాసుకున్నారు.

ఓటిస్ గ్లవ్‌లో దూది తిరిగి పెట్టుకున్నాడు. ఇప్పుడు నా బంతి పడితే అసలు శబ్దమే రాదు, దిండు మీద పడినట్టుంది. వాడు నా వైపు చూశాడు. పరవాలేదురా, నాకు వినిపించక్కర్లేదు అన్నాను. వాడి చేతివాపు తగ్గింది. కొలాచీలు నిజంగా ముట్టుకోలేదు, ఒక్కటి తప్ప.

నీ వేలు విరిగిన రోజు నేను కొట్టం వెనక దాక్కున్నాను, గుర్తుందా? నువ్వే కట్టుతో వచ్చి వెతికి, "ఇవాళ పట్టలేను గానీ, విసరగలను, రా" అన్నావు. ఆ వేలే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. రాయొద్దన్నావు, అయినా రాశాను.

అక్టోబర్లో వస్తున్నాను. పసుప్పచ్చ గదిలోనే పడుకుంటాను.

నీ తమ్ముడు,
రూడీ


లిపా,
జులై 13

రూడీ,

హ్రుస్కాకి చెప్పాను, వేరే మనిషిని చూసుకోమని. ఫాదర్ ఆదివారం మళ్లీ ప్రకటించారు, మన బిడ్డ ఇంటికి రావడంలేదు, దేవుడికి స్తోత్రం అని. జౌబెక్ పెద్దమ్మ ఈసారీ ఏడ్చింది. ఆవిడకి నిమ్మతొక్క సంగతి చెప్పేశాను. ఆ రోజు నా మనసు అలా ఉంది.

అక్టోబర్లో వచ్చేటప్పుడు బ్యాటు తెచ్చుకో. ఆ బంతి విసరడం నేర్చుకున్నావు గానీ, కొట్టడం నీకు ఇప్పటికీ రాదు. మీ బావ బకెట్ కడిగి పెట్టాడు. కొట్టం వెనక బురద కూడా అలాగే ఉంది.

అక్క